తెలిసినవాళ్ళ అబ్బాయి

(మహాసభల సందర్భంగా ఏర్పాటైన తల్లిదండ్రుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



పక్క హాల్లో వధూవరుల పరిచయ వేదిక జరుగుతోంది. అక్కడ నిలబడటానికి కూడా చోటు లేదట. ఇక్కడ ముందు మూడు వరుసలూ ఖాళీ. వచ్చినవాళ్ళు కూడా తలుపుకు దగ్గరగా కూర్చున్నారు. ఇందాక లోపలికి వస్తూ ఒకాయన నాతో, "ఊరికేనండీ, కాళ్ళు పీకుతుంటే కాసేపు కూర్చుందామని వచ్చాం" అన్నారు. నేనేమీ అడగలేదు, ఆయనే చెప్పారు. మాదకద్రవ్యాల మీద ప్రసంగానికి వెళ్ళారంటే వాళ్ళింట్లో ఏదో ఉందని నలుగురూ అనుకుంటారేమోనని ఆయన బెంగ. ఆయన్ని తప్పు పట్టడం లేదు. ఆ బెంగ నాకూ ఉండేది. ఈరోజు నేను మాట్లాడదలచుకున్నది మందుల కంటే ముందు ఆ బెంగ గురించే.

నేను ఫామిలీ డాక్టర్ని. ఈ దేశం వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. ఇలాంటి సభలకు వెళ్ళినప్పుడల్లా, భోజనాల క్యూలోనో, కారు పార్కింగులోనో, ఎవరో ఒకరు నన్ను పక్కకు పిలుస్తారు. షుగరు, బీపీ అయితే అందరి ముందే అడుగుతారు. పక్కకు పిలిచారంటే విషయం వేరు. "డాక్టరు గారూ, మాకు తెలిసినవాళ్ళ అబ్బాయి ఒకడున్నాడు..." అని మొదలుపెడతారు. ఆ అబ్బాయి చదువు ఎక్కడ ఆగిందో, గది తలుపు ఎన్ని గంటలకు తీస్తాడో, ఏ నెలలో ఎంత డబ్బు అడిగాడో అన్నీ చెబుతారు. తెలిసినవాళ్ళ అబ్బాయి గురించి అంత వివరంగా ఎవరికి తెలుస్తుంది? అయినా నేను తెలియనట్టే వింటాను. అది మర్యాద అనుకునేవాణ్ణి.

2016 చివర్లో నాకు అలాంటి ఫోనొకటి వచ్చింది. చేసింది పదిహేనేళ్ళుగా కలిసి పండగలు చేసుకున్న మిత్రుడు. నన్ను అన్నయ్యా అని పిలుస్తాడు. ఆయన, ఆయన భార్య అనుమతి ఇచ్చిన మీదటే ఈ సంగతి చెబుతున్నాను. వాళ్ళెవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను.

"అన్నయ్యా, మాకు తెలిసినవాళ్ళ అబ్బాయి, కాలేజీలో ఉన్నాడు. జ్ఞానదంతాలు తీయించుకున్నప్పుడు నొప్పికి మాత్రలు ఇచ్చారట. అవి మానలేకపోతున్నాడట. డాక్టర్లు ఇవ్వడం మానేశాక బయట కొంటున్నాడట. వాళ్ళు వాణ్ణి ఓ నాలుగు నెలలు ఇండియా పంపిద్దామనుకుంటున్నారు, తాతగారి దగ్గరికి. అక్కడైతే ఆ స్నేహాలుండవు కదా. మంచిదేనంటావా?"

నాకు అర్థమైంది. ఎవరబ్బాయో కూడా తెలుసు. చిన్నప్పుడు మా ఇంట్లో బొమ్మల కొలువు దగ్గర ఆడుకున్న పిల్లవాడు. "ఒకసారి తీసుకురా, నేను చూస్తాను" అనాలి. అలా అంటే వాళ్ళ పరువు తీసినట్టవుతుందేమోనని, "మార్పు మంచిదేలే, చూడమను" అన్నాను. మూడే మాటలు. ఫోను పెట్టేసి క్లినిక్కులో తర్వాతి పేషెంటును చూశాను.

అబ్బాయి వెళ్ళాడు, నాలుగు నెలలుండి వచ్చాడు. ఒళ్ళు చేసి, కళగా ఉన్నాడు. ఉగాదికి వాళ్ళింట్లో అందరం భోజనం చేశాం. మూడు వారాల తర్వాత ఒక ఆదివారం పొద్దున వాళ్ళమ్మ గది పక్క నుంచి వెళుతుంటే లోపల గట్టిగా గురక వినిపించింది. వారం రోజులుగా నిద్ర పట్టడం లేదంటున్నాడు, పోనీ పాపం పడుకోనీ అని చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసింది. పదకొండింటికి టిఫినుకు లేపడానికి వెళ్ళింది.

అది నిద్ర కాదు. ఆ మాత్రలో ఫెంటనిల్ ఉందని తర్వాత పరీక్షల్లో తేలింది. వాడి వయసు ఇరవై ఒకటి.

అంత్యక్రియల రోజు అందరూ ఒకటే మాట. గుండెపోటట. కొందరు నా వైపు చూశారు, డాక్టర్ని కదా. నేను తలూపాను. అబద్ధం కాదనుకున్నాను, ఎవరు పోయినా చివరికి ఆగేది గుండే కదా.

ఇప్పుడు ఆ రెండు చోట్లా నేను చేసిన తప్పేమిటో డాక్టరుగా చెబుతాను. ఆ రోజు ఫోనులో చెప్పవలసిన మాటలు ఇవే.

మొదటిది, వ్యసనం వ్యక్తిత్వ లోపం కాదు. మెదడుకు వచ్చే దీర్ఘవ్యాధి. మన మెదడులో సంతోషాన్నిచ్చే పనిని మళ్ళీ చేయమని గుర్తుచేసే ఏర్పాటు ఒకటి ఉంది. ఆకలికి అన్నం, ఒంటరితనానికి మనిషి తోడు అన్నీ దాని ద్వారానే మనకు ఇష్టమవుతాయి. ఓపియాయిడ్ మాత్రలు ఆ ఏర్పాటును మామూలు కంటే ఎన్నో రెట్లు తట్టి లేపుతాయి. పోను పోను మెదడు దానికి అలవాటు పడి, అదే ఫలితానికి ఇంకా ఎక్కువ కావాలంటుంది. మానేస్తే ఒళ్ళంతా నొప్పులు, వాంతులు, విరేచనాలు, నిద్ర లేకపోవడం. ఆ దశలో వాడు తీసుకునేది సుఖం కోసం కాదు, ఆ బాధ రాకుండా ఉండటానికి. ఈ జబ్బు వచ్చే ప్రమాదంలో సుమారు సగం వంశపారంపర్యమని పరిశోధకుల అంచనా. మన ఇళ్ళల్లో "ఆయనకు కాస్త అలవాటు ఉండేదిలే" అని గొంతు తగ్గించి చెప్పుకునే తాతయ్యలు, బాబాయిలు ఉంటారు. షుగరు చరిత్ర చెప్పినట్టే ఆ చరిత్రా పిల్లలకు చెప్పాలి.

రెండవది నా మూడు మాటలకు సంబంధించినది. కొన్ని వారాలు మానేస్తే ఒంటికి ఆ తట్టుకునే శక్తి పోతుంది. కోరిక మాత్రం పోదు. మెదడులో అది నెలల తరబడి పొంచి ఉంటుంది. అంతకు ముందు అలవాటైన మోతాదే మళ్ళీ వేసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. జైలు నుంచి విడుదలైనవాళ్ళు, చికిత్సాకేంద్రం నుంచి మందు లేకుండా బయటకు వచ్చినవాళ్ళు మొదటి కొద్ది వారాల్లోనే ఎక్కువగా చనిపోవడానికి కారణం ఇదే. ఇండియా పంపితే బాగుపడతాడు, పెళ్ళి చేస్తే కుదురుకుంటాడు అని మనవాళ్ళు చెప్పే రెండు వైద్యాలూ ఈ జబ్బుకు పనిచేయవు. పైగా ఇండియా ఈ బాధ లేని చోటు కూడా కాదు. 2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసిన సర్వేలో సుమారు 2.26 కోట్ల మంది ఓపియాయిడ్లు వాడుతున్నారని తేలింది. ఇక పెళ్ళి సంగతి. పక్క హాల్లో ఉన్నవాళ్ళకు కూడా చెబుతున్నాను, ఇంకొకరి అమ్మాయి మన అబ్బాయికి మందు కాదు.

అసలు ఈ మాత్రలు ఇంత ఇంటింటికీ ఎలా వచ్చాయి? ఇందులో మా వైద్యుల పాత్ర ఉంది. ఆక్సీకాంటిన్ అనే మాత్ర 1996లో మార్కెట్లోకి వచ్చింది. నొప్పిని కూడా బీపీ, జ్వరం లాగా ప్రతిసారీ కొలవాలని, నొప్పి ఉన్నవాడికి ఈ మందులు అలవాటు కావడం అరుదని మాకు చెప్పారు. మేమూ నమ్మాం. మూడు రోజులకు సరిపోయే చోట ముప్పై మాత్రలు రాశాం. నేనూ రాశాను. అలవాటయ్యే ప్రమాదం తక్కువని తప్పుదోవ పట్టించామని ఆ కంపెనీ 2007లో ఫెడరల్ కోర్టులో నేరం ఒప్పుకుంది, 2020లో మరోసారి వేరే నేరాలు ఒప్పుకుంది. ప్రిస్క్రిప్షన్లు బిగించేసరికి అప్పటికే అలవాటు పడినవాళ్ళలో కొందరు 2010 ప్రాంతం నుంచి హెరాయిన్ వైపు మళ్ళారు. 2013 నుంచి దొంగ ఫెంటనిల్ వచ్చిపడింది. అది మార్ఫిన్ కంటే సుమారు 100 రెట్లు, హెరాయిన్ కంటే 50 రెట్లు శక్తివంతమైనది. 1999లో అమెరికాలో మత్తుమందుల మోతాదు మించి చనిపోయినవాళ్ళు 17 వేల లోపు. 2022లో దాదాపు 1,08,000. 2024లో అది సుమారు 80 వేలకు తగ్గింది. సంతోషించవలసిన తగ్గుదలే. కానీ ఆ ఏడాది రోజుకు రెండు వందల మందికి పైగా పోవడాన్ని తగ్గిందని చెప్పుకుంటున్నాం, అది గుర్తుంచుకోండి.

మన పిల్లల విషయంలో నాకు అన్నిటికంటే భయం దొంగ మాత్రలు. చూడటానికి పర్కొసెట్ లాగా, జానాక్స్ లాగా, చదువు కోసం వేసుకునే ఆడరాల్ లాగా అచ్చు గుద్దినట్టు ఉంటాయి. ఫోనులో బొమ్మలు పంపి అమ్ముతారు, ఇంటికే తెచ్చిస్తారు. ఫైనల్స్ ముందు రాత్రి మేలుకుని చదవడానికి ఒకే ఒక్క మాత్ర అడిగే పిల్ల వ్యసనపరురాలు కాదు. మార్కులు తగ్గితే ఇంట్లో ముఖం చూపించలేనని భయపడే మంచి పిల్ల. రెండు మిల్లీగ్రాముల ఫెంటనిల్ ప్రాణం తీయగలదు, అంటే పెన్సిలు మొన మీద పట్టేంత. అమెరికా మాదకద్రవ్య నిరోధక సంస్థ 2024లో పరీక్షించిన ఫెంటనిల్ దొంగ మాత్రల్లో ప్రతి పదింటిలో ఐదింటిలో ప్రాణం తీయగల మోతాదు ఉంది. అందుకని పిల్లలకు చెప్పవలసిన మాట, "చెడ్డవాళ్ళతో తిరగకు" అని కాదు. "ఫార్మసీ సీసాలోంచి, నీ పేరు మీద రాసింది తప్ప ఏ మాత్రా, ఎంత మంచి స్నేహితుడు ఇచ్చినా వేసుకోకు" అని.

ఇప్పుడు మన ఇళ్ళల్లోకి వద్దాం. ఇంటికి వెళ్ళాక బాత్రూములో మందుల అలమర తీసి చూడండి. మోకాలి ఆపరేషన్ నాటి మాత్రలు మిగిలే ఉంటాయి. ఎందుకైనా పనికొస్తాయని దాచుకోవడం మన అలవాటు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చేటప్పుడు ఆరు నెలలకు సరిపడా మందుల సంచి తెస్తారు. అందులో నిద్రకు ఆల్‌ప్రజోలం, నొప్పికి ట్రమడాల్, దగ్గుకు కోడీన్ సిరప్ ఉండవచ్చు. ఇవన్నీ ఇక్కడ నియంత్రణలో ఉన్న మందులే. బంగారం బ్యాంకు లాకర్లో పెడతాం, వీటిని మాత్రం అందరికీ అందేలా వదిలేస్తాం. తాళం వేసే పెట్టె ఒకటి కొనండి. మిగిలిపోయినవి ఉంచకండి. ఏటా ఏప్రిల్‌లో, అక్టోబరులో మందులు వెనక్కి తీసుకునే రోజులు పెడుతున్నారు. చాలా పోలీసు స్టేషన్లలో, ఫార్మసీల్లో ఏడాది పొడవునా డబ్బాలు ఉంటాయి.

గంజాయి చట్టబద్ధమైన రాష్ట్రాల్లో ఉన్నవాళ్ళకు రెండు మాటలు. దానితో చేసిన గమ్మీలు చూడటానికి చిన్నపిల్లల మిఠాయిల్లాగే ఉంటాయి. ఆరేళ్ళ లోపు పిల్లలు పొరపాటున అలాంటివి తిన్న కేసులు పాయిజన్ సెంటర్లకు 2017లో 207 వస్తే 2021లో 3,054 వచ్చాయి. వీసా మీద, గ్రీన్‌కార్డు మీద ఉన్నవాళ్ళు ఇంకొకటి తెలుసుకోవాలి. రాష్ట్రం ఒప్పుకున్నా గంజాయి వాడకం పౌరసత్వపు దరఖాస్తుకు అడ్డం కావచ్చని ఇమ్మిగ్రేషన్ శాఖ 2019లోనే స్పష్టం చేసింది. కొత్తగా చదువులకు వచ్చిన విద్యార్థులకు ఈ మాట తప్పక చెప్పండి.

ఇక మన పార్టీల సంగతి. బేస్‌మెంటులో బార్ కట్టించి, దాని ముందు నిలబడి పిల్లలకు మత్తు మీద ఉపన్యాసం చెబితే వాళ్ళు వినరు. 2020, 2021ల్లో అతిగా తాగడం వల్ల అమెరికాలో ఏటా సుమారు 1,78,000 మంది చనిపోయారు. అంటే మాదకద్రవ్యాల కంటే ఎక్కువ.

ఇప్పుడు, ఇంట్లో అలాంటి పరిస్థితే ఉంటే ఏం చేయాలి?

అరవకండి. గది వెతికి దొరికింది ముఖాన కొట్టకండి. మత్తులో లేని సమయం చూసి, ఒక్కరే కూర్చుని, "నువ్వు మామూలుగా లేవు, నాకు భయంగా ఉంది, నిజం చెప్పినా నేను నిన్ను వదలను" అనండి. తర్వాత డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. ఓపియాయిడ్ వ్యసనానికి బ్యూప్రెనార్ఫిన్, మెథడోన్ అనే మంచి మందులున్నాయి. అవి వాడుతున్నవాళ్ళలో మరణాలు సుమారు సగానికి తగ్గుతాయి. "ఒక మత్తు బదులు ఇంకో మత్తా?" అని మనవాళ్ళు అడుగుతారు. షుగరున్నవాడికి ఇన్సులిన్ ఇస్తే ఒక తీపి బదులు ఇంకో తీపి ఇచ్చామంటామా? 2022 చివర్లో చట్టం మారింది. బ్యూప్రెనార్ఫిన్ రాయడానికి ఇప్పుడు డాక్టరుకు ప్రత్యేక అనుమతి అక్కర్లేదు, నియంత్రిత మందులు రాసే లైసెన్సున్న మామూలు ఫామిలీ డాక్టరు రాయవచ్చు. పిల్లలు 26 ఏళ్ళ వరకు మన ఇన్సూరెన్సులోనే ఉండవచ్చు. ఎవరిని అడగాలో తెలియకపోతే 1-800-662-4357కు రాత్రయినా పగలయినా ఫోను చేయండి. ఉచితం, పేరు చెప్పనక్కర్లేదు. మనసు మరీ కుంగిపోయినప్పుడు 988. పిల్లలు ఏదైనా పొరపాటున మింగితే 1-800-222-1222.

ఒక్క వస్తువు మాత్రం ఇంటికి వెళుతూ దారిలోనే కొనండి. పేరు నాలాక్సోన్, ముక్కులో కొట్టే స్ప్రే. 2023 నుంచి చీటీ లేకుండా ఫార్మసీలో దొరుకుతోంది. దుకాణాల్లోకి వచ్చినప్పుడు రెండు మోతాదుల పెట్టె సుమారు 45 డాలర్లు. చాలా ఊళ్ళలో ఆరోగ్య శాఖవాళ్ళు ఉచితంగానే ఇస్తారు. మెదడులో ఓపియాయిడ్ అతుక్కున్న చోటు నుంచి దాన్ని తోసేసి, ఆగిన ఊపిరిని మళ్ళీ నడిపిస్తుంది. ఓపియాయిడ్ వేసుకోనివాడికి ఇచ్చినా హాని చేయదు.

గుర్తులు జాగ్రత్తగా వినండి. పిలిచినా, రొమ్ము ఎముక మీద పిడికిలితో గట్టిగా రుద్దినా లేవకపోవడం. కంటిపాప గుండుసూది మొనంత కావడం. ఊపిరి ఆగి ఆగి రావడం. పెదవులు, గోళ్ళు నీలంగానో బూడిదరంగులోనో మారడం. గొంతులో గురగురమని గురకలాంటి శబ్దం. ఆ గురక నిద్ర కాదు. అప్పుడు తలుపు వేయకండి. 911కు ఫోను చేయండి, ఒక ముక్కురంధ్రంలో స్ప్రే కొట్టండి, ఊపిరి లేకపోతే నోటితో ఊపిరి ఇవ్వండి, ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. రెండు మూడు నిమిషాల్లో మార్పు లేకపోతే రెండోది కొట్టండి. లేచి కూర్చున్నా సరే, ఆస్పత్రికి పంపండి. ఆ మందు అరగంట నుంచి గంటన్నరలో దిగిపోతుంది, మత్తు మళ్ళీ ఎక్కవచ్చు. ఇలాంటప్పుడు ఫోను చేసినవాళ్ళకు రక్షణ ఇచ్చే చట్టం దాదాపు అన్ని రాష్ట్రాల్లో ఉంది.

మా మిత్రుడి ఇంట్లో ఆ ఆదివారం ఆ స్ప్రే లేదు. అలాంటిదొకటి ఉంటుందని వాళ్ళకు తెలియదు. తెలిసిన నేను చెప్పలేదు.

రెండో తప్పు సంగతి కూడా చెప్పాలి. మేమంతా గుండెపోటు అని నమ్మించిన ఏడాదికి, అదే స్నేహబృందంలోని ఇంకో అబ్బాయిని వాళ్ళ నాన్న నా క్లినిక్కుకు తీసుకువచ్చాడు. అతనూ అవే మాత్రలు, ఆ అమ్మేవాడి దగ్గరే. ఆ తండ్రి నాతో అన్న మాట మరచిపోలేను. "ఆ రోజు నిజం చెప్పి ఉంటే, ఆ రాత్రే మా వాణ్ణి అడిగి ఉండేవాణ్ణి కదండీ. ఏడాది పాటు వాడు బతికి ఉండటం మా అదృష్టం, మీ దయ కాదు." నేను మాట్లాడలేకపోయాను. ఆ అబ్బాయికి బ్యూప్రెనార్ఫిన్ మొదలుపెట్టాం. మధ్యలో రెండుసార్లు జారాడు, మళ్ళీ వచ్చాడు. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. జారడం ఓడిపోవడం కాదని అతన్ని చూసే నేర్చుకున్నాను.

మాట్లాడటం మనకు కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు, ఇంట్లో సారా ఏం చేస్తోందో నలుగురిలో చెప్పుకున్నారు. ఒక ఇంటి సిగ్గు అనుకున్నది ప్రతి ఇంట్లోనూ ఉందని అప్పుడే తెలిసింది. ఆ తర్వాత సారా పాకలు మూయించారు, 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. నిషేధాల సంగతి తర్వాత ఎలా అయినా, ఆ తల్లులు మొదట చేసిన పని చిన్నది. ఇంట్లో ఉన్న మాట బయటకు చెప్పారు. పెద్ద చదువులు చదివి సముద్రాలు దాటి వచ్చిన మనం ఆ పని చేయలేమా?

ఈ ప్రసంగం చేస్తానని మా మిత్రుడికి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అన్నయ్యా, ఆ రోజు ఫోనులో నువ్వు ఒక్కసారి 'మనవాడేనా?' అని అడుగుతావేమోనని చూశాను. అడిగితే చెప్పేసేవాణ్ణి" అన్నాడు.

అందుకే ఇకనుంచి నేను అడుగుతాను. మీరూ అడగండి. ఎవరైనా మిమ్మల్ని పక్కకు పిలిచి తెలిసినవాళ్ళ అబ్బాయి గురించి మొదలుపెడితే, మర్యాద కోసం ఊరుకోకండి. "మనవాడేనా?" అని మెల్లగా అడగండి.

భోజనాలు అయ్యేదాకా నేను ఆ వెనక తలుపు దగ్గరే ఉంటాను. నా సంచిలో ఓ ఇరవై నాలాక్సోన్ పెట్టెలున్నాయి, ఎవరికి కావాలన్నా తీసుకోవచ్చు, ఎందుకని అడగను. మాట్లాడాలనుకున్నవాళ్ళు మా అబ్బాయి అనండి, మా అమ్మాయి అనండి, నేనే అనండి. తెలిసినవాళ్ళ అబ్బాయి అనక్కర్లేదు.